రక్తం ఎక్కించే రోగికి చేతి బ్యాండు: ఆసుపత్రికి తగినది ఎంచుకోవడం ఎలా

మా వరంగల్ వైపు ఏ ఆసుపత్రిలోనైనా ఆడవాళ్ల వార్డు గుమ్మంలో నిలబడి ‘సమ్మక్కా’ అని పిలిస్తే ఇద్దరు ముగ్గురు తలెత్తుతారు. మగవాళ్ల వార్డులో ‘ఐలయ్యా’ అన్నా, ‘కొమురయ్యా’ అన్నా, ‘ఓదెలూ’ అన్నా అంతే. మేడారం తల్లుల పేర్లు, ఐనవోలు, కొమురవెల్లి, ఓదెల మల్లన్నల పేర్లు ఇంటింటా పెట్టుకునే నేల ఇది. మొక్కుకుని పెట్టుకున్న పేర్లు అవి. ఒకే పేరున్న ఇద్దరిలో ఒకరికి రావలసిన రక్తం మరొకరికి పోకుండా చూడటం ఆసుపత్రి బాధ్యత. ఆ బాధ్యతలో చాలా భాగాన్ని పేరు, నంబరు వేసి రోగి చేతికి కట్టే ఒక చిన్న బ్యాండు మోస్తుంది.

చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో రక్త కేంద్రానికి సమ్మక్క పేరుతో శాంపిల్ వచ్చింది. గ్రూపు చేస్తే బీ పాజిటివ్. రిజిస్టరు తిరగేస్తే అదే పేరు, అదే ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు) మీద రెండు రోజుల ముందు ఓ పాజిటివ్ అని ఉంది. మనిషి గ్రూపు రెండు రోజుల్లో మారదు. వార్డుకు పరుగెత్తాను. పక్కపక్క మంచాల మీద ఇద్దరు సమ్మక్కలు. ఒకరిది గర్భసంచి ఆపరేషన్, మరొకరిది తీవ్రమైన రక్తహీనత. ట్యూబు మీద పేరు రోగి పక్కన నిలబడి రాసింది కాదు, సిస్టర్ల బల్ల దగ్గర కేస్ షీటు చూసి రాసింది. పోనీ బ్యాండు చూద్దామంటే, ఒకామె బ్యాండు మీద బాల్ పెన్నుతో రాసిన అక్షరాలు స్నానాలకూ స్పిరిట్ దూదికీ చెరిగిపోయి నీలి మరక మిగిలింది. రెండో ఆమె బ్యాండు గాజుల కింద చిక్కుకుని తెగితే ప్లాస్టరు ముక్కతో అతికించారు. పాత రికార్డు లేకపోయి ఉంటే ఓ గ్రూపు మనిషికి బీ గ్రూపు రక్తం వెళ్లేది.

వెళ్తే ఏమవుతుందో ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు. ఎక్కించిన ఎర్రకణాలు రక్తనాళాల్లోనే పగిలిపోతాయి. చలి, జ్వరం, నడుం నొప్పి, ముదురు రంగు మూత్రం, బీపీ పడిపోవడం, ఆ తర్వాత కిడ్నీలు దెబ్బతినడం. మత్తులో ఉన్న రోగికి ‘చలేస్తోంది’ అని చెప్పే అవకాశం కూడా ఉండదు. కార్ల్ లాండ్‌స్టైనర్ రక్తం గ్రూపులను 1901లో వెల్లడించి శతాబ్దం దాటింది. గ్రూపు చేసే పరీక్ష ఇప్పుడు చాలా నమ్మకమైనది. ఇంకా జరుగుతున్న ప్రమాదాల్లో ఎక్కువ భాగం మనిషిని పోల్చుకోవడంలో జరుగుతున్నవే. అందుకే బ్యాండును దూది, గాజుగుడ్డలతో పాటు ధర చూసి కొనే సామానుగా చూడవద్దని నా ప్రార్థన. ఎంచుకోవలసిన క్రమం కింద చెబుతున్నాను.

మొదటి అడుగు: కేటలాగు తెరిచే ముందు శాంపిల్ వెంట నడవండి

ఒక రోజు పెట్టుకుని, రక్తం అవసరమైన ఒక రోగి శాంపిల్ ఎక్కడ పుట్టి ఎక్కడికి వెళ్తుందో, బ్యాగు ఎలా తిరిగి వస్తుందో దాని వెంట నడవండి. నోట్‌బుక్కులో రాసుకోండి. రక్తం కావాలని కోరే రిక్విజిషన్ ఫారం ఎవరు రాశారు, దేన్ని చూసి రాశారు? రక్తం తీసిన మనిషి, ట్యూబు మీద లేబుల్ రాసిన మనిషి ఒకరేనా? రోగి పక్కనే రాశారా? ట్యూబును ఎవరు తీసుకెళ్లారు?

మన జిల్లాల్లో ఆ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. సొంత రక్త కేంద్రం లేని నర్సింగ్ హోముల్లో రోగి తమ్ముడో, మేనల్లుడో శాంపిల్, ఫారం జేబులో పెట్టుకుని ఆటో ఎక్కి బయటి రక్త కేంద్రానికి వెళ్తాడు. బ్యాగును కూడా అతనే తెస్తాడు. ఆ రక్త కేంద్రం వాళ్లు రోగిని ఎన్నడూ చూడరు. వాళ్లకు కనిపించేది ట్యూబు మీద రాత, ఫారం మీద రాత, అంతే. కాబట్టి బ్యాండు మీద ఉన్న వివరాలే అక్షరం పొల్లు పోకుండా ట్యూబు మీదికి, ఫారం మీదికి, అక్కడి నుంచి బ్యాగుకు కట్టే కంపాటిబిలిటీ చీటీ (ఆ రక్తం ఆ రోగికి సరిపోతుందని తెలిపే చీటీ) మీదికి చేరాలి. ఈ నాలుగింటిని కలిపే దారం ఎక్కడ తెగుతోందో మీ నోట్‌బుక్కులో కనిపిస్తుంది. మీకు ఎలాంటి బ్యాండు కావాలో నిర్ణయించేది ఆ తెగిన చోటే. చెరిగిపోవడం వల్ల తెగుతోంటే ముద్రణ మారాలి. చేతితో తిరగరాయడం వల్ల తెగుతోంటే స్టిక్కర్లున్న బ్యాండు కావాలి. అసలు బ్యాండే కట్టడం లేదంటే ఎంత ఖరీదైనది కొన్నా ప్రయోజనం లేదు, ముందు అడ్మిషన్ దగ్గర పద్ధతి మార్చాలి.

రెండవ అడుగు: బ్యాండు మీద ఏముండాలి, ఏముండకూడదు

రోగిని పోల్చుకోవడానికి కనీసం రెండు ఆనవాళ్లు ఉండాలని, వాటిలో గది నంబరు ఒకటి కాకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది. మంచం నంబరుకూ అదే వర్తిస్తుంది. పడకలు కిటకిటలాడే వార్డులో ఉదయం 12వ మంచం మీద ఉన్న మనిషి సాయంత్రానికి 15 మీద ఉండవచ్చు.

విదేశీ నమూనాల్లో పేరు, పుట్టిన తేదీ, ఆసుపత్రి నంబరు అని ఉంటుంది. మన దగ్గర పుట్టిన తేదీని అంతగా నమ్మలేం. పెద్దవాళ్లలో చాలామందికి అది తెలియదు. బడిలో రాయించిన తేదీయో, కార్డు కోసం ఏదో ఒకటి వేయించిన జనవరి 1వ తేదీయో ఉంటుంది. అందుకే నా సలహా ఇది: పూర్తి పేరు ఇంటిపేరుతో సహా, తండ్రి లేదా భర్త పేరు, వయసు, ఆడా మగా, ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన శాశ్వత నంబరు. తేదీ కచ్చితంగా తెలిస్తే అదీ చేర్చండి. ఇంటిపేరు ఒక్కటే చాలదు. మహబూబాబాద్ వైపు తండాల నుంచి వచ్చేవాళ్లలో ఒకే ఊళ్లో బానోతులు, గుగులోతులు, భూక్యాలు పదుల సంఖ్యలో ఉంటారు.

అన్నింటికన్నా బరువైనది నంబరు. ఐపీ నంబరు ప్రతి అడ్మిషన్‌కూ మారుతుంది. రక్త కేంద్రంలో పాత గ్రూపు రికార్డు దొరకాలంటే మనిషికి ఎన్నిసార్లు వచ్చినా మారని నంబరు ఒకటి ఉండాలి. నా సమ్మక్క కథలో ప్రమాదాన్ని ఆపింది పాత రికార్డే. 14 అంకెల ఆభా నంబరు (కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య ఖాతా నంబరు) ఉన్నవాళ్లకు దాన్ని కంప్యూటర్‌లో జోడించుకోవచ్చు, బ్యాండు మీద వేయాల్సిన పని లేదు. ఆధార్ నంబరు మాత్రం వేయనే వద్దు. అందరి కళ్లబడే చోట పెట్టవలసిన నంబరు కాదది.

పేరు ఏ లిపిలో? కంప్యూటర్‌లో ఇంగ్లిషులోనే ఎక్కిస్తారు కాబట్టి బ్యాండు మీదా అదే వస్తుంది. అక్కడే ఒక గొయ్యి ఉంది. సమ్మక్కను ఒకరు ఒక ‘ఎమ్’తో, మరొకరు రెండింటితో, ఇంకొకరు చివర ఒక ‘కె’ తగ్గించి రాస్తారు. రక్త కేంద్రం వాళ్లు అక్షరం తేడా ఉన్నా శాంపిల్ తిప్పి పంపుతారు, పంపాలి కూడా. కాబట్టి అడ్మిషన్‌లో ఒకసారి కుదిరిన స్పెల్లింగే అంతటా పోవాలి, ఎవరూ మళ్లీ చెవితో విని రాయకూడదు. ప్రింటరు తెలుగు అచ్చు వేయగలిగితే పేరును తెలుగులోనూ వేయించండి. కట్టే ముందు రోగికో, తోడు వచ్చినవాళ్లకో చూపించి చదివించవచ్చు. ‘మా అమ్మ పేరు సారక్క, సమ్మక్క కాదు’ అని కూతురు చెప్పిన సందర్భం నేనే చూశాను.

రక్తం గ్రూపును బ్యాండు మీద వేయవద్దు. చాలామంది దీన్ని సౌకర్యం అనుకుంటారు. కానీ గ్రూపు కనిపిస్తే చూసేవాళ్ల కన్ను దాని మీదికే పోతుంది. ‘బ్యాగు బీ, బ్యాండు బీ, సరిపోయింది’ అని రక్తం పెట్టేస్తారు. వార్డులో బీ గ్రూపు వాళ్లు పదిమంది ఉంటారు, ఆ బ్యాగును క్రాస్ మ్యాచ్ చేసింది, అంటే రోగి రక్తంతో కలిపి సరిపోతుందో లేదో చూసింది, ఒక్కరికే. పైగా బ్యాండు మీది గ్రూపే తప్పుగా పడి ఉంటే దాన్ని పట్టుకునే దారి ఉండదు.

మూడవ అడుగు: నీళ్లు, స్పిరిట్, చెమట, పసుపు తట్టుకునే ముద్రణ

చేతితో రాసే బ్యాండ్లు చవక. చిన్న ఆసుపత్రికి వాటితోనే గడపక తప్పకపోతే చెరగని మార్కరుతో, పెద్ద అక్షరాల్లో రాయాలి. బ్యాండు లోపల కార్డు దూర్చే రకంలో కార్డు తడిసిపోతుంది, మార్చేయడం కూడా తేలిక. నేనైతే రక్తం పెట్టే వార్డుల్లో వాటిని వాడను.

ప్రింటరుతో వేసేవి రెండు రకాలు. మొదటిదానికి రిబ్బను అక్కర్లేదు. వేడి తగిలిన చోట కాగితమే నల్లబడుతుంది, బస్సు టికెట్ మిషన్ లాగా. రెండోది రిబ్బను మీది సిరాను వేడితో ప్లాస్టిక్‌కు అంటిస్తుంది. మొదటిది వార్డులో వాడటం సులువు, అందుకే చాలా చోట్ల అదే ఉంది. కానీ పైన రక్షణ పూత లేని రకమైతే చేతులకు రాసుకునే శానిటైజర్ తగిలినా అచ్చు మసకబారుతుంది. మే నెలలో రేకుల కింద ఉన్న స్టోరు గదిలో పెట్టిన రోల్ మొత్తం బూడిద రంగుకు తిరగడం నేను చూశాను. కాబట్టి ఆ రకం కొంటే రక్షణ పూత ఉన్నదే అడగండి, నీడా చల్లదనమూ ఉన్న గదిలో నిలవ చేయండి, ఏడాదికి సరిపడా ఒకేసారి కొని పెట్టుకోకండి.

అమ్మకందారు మాట మీద ఆధారపడకుండా మీరే పరీక్షించండి. నమూనా బ్యాండ్లు ఓ పదిహేను అడిగి తీసుకోండి. కొన్నింటిని శానిటైజర్‌తో, కొన్నింటిని స్పిరిట్ దూదితో ఇరవై సార్లు రుద్దండి. కొన్నింటిని సబ్బు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. కొన్నింటికి కొబ్బరినూనె, పసుపు పట్టించండి. బాలింత ఒంటికి పసుపు రాయడం మన ఇళ్లలో మామూలే, ఆ పసుపు బ్యాండు మీదికీ వస్తుంది. కొన్నింటిని సిబ్బందే చేతికి కట్టుకుని వారం రోజులు ఎండలో, వంటింట్లో తిరగండి. ఏడో రోజున చేయి చాచినంత దూరం నుంచి పేరు, నంబరు తడబాటు లేకుండా చదవగలిగితేనే అది రక్తం పెట్టే వార్డుకు పనికొస్తుంది.

బిగింపు విషయంలో ఒకే ఒక నియమం: ఒకసారి తీస్తే మళ్లీ పెట్టడానికి వీల్లేకుండా ఉండాలి. జిగురుతో అతికే రకంలో, పీకితే చిరిగిపోయేలా గాట్లు పెట్టినవి దొరుకుతాయి. ప్లాస్టిక్ గుండీ రకంలో, నొక్కితే మళ్లీ ఊడనివి ఉంటాయి. చెమట ఎక్కువ పట్టే రోజుల్లో జిగురు కన్నా గుండీ బాగా నిలుస్తుందని నా అనుభవం, కానీ ముసలివాళ్ల పలచని చర్మానికి గుండీ అంచు గీసుకుంటుంది. అంచులు మెత్తగా ఉన్నదీ, లేటెక్స్ లేనిదీ చూడండి. కట్టిన తర్వాత చర్మానికీ బ్యాండుకూ మధ్య ఒక వేలు సులువుగా దూరాలి.

నాలుగవ అడుగు: రంగుల సంగతి

రంగురంగుల బ్యాండ్లు చూడటానికి బాగుంటాయి. ఎలర్జీకి ఒకటి, జారిపడే ప్రమాదానికి ఒకటి, రక్తానికి ఒకటి. 2005లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక నర్సు రోగి చేతికి పసుపు బ్యాండు కట్టింది. ఆమె పనిచేసే మరో ఆసుపత్రిలో దాని అర్థం ఈ చేతికి సూది వేయవద్దని. ఆ ఆసుపత్రిలో మాత్రం గుండె ఆగినా బతికించే ప్రయత్నం చేయవద్దని. రోగి గుండె ఆగినప్పుడు సిబ్బంది ముందుకు రావడానికి తటపటాయించారు. చివరికి పొరపాటు తెలుసుకుని కాపాడగలిగారు. 2007లో బ్రిటన్ రోగి భద్రతా సంస్థ, తెల్ల బ్యాండు మీద నల్ల అక్షరాలు, హెచ్చరిక అవసరమైతే ఒక్క ఎరుపు, అంతకు మించి వద్దని చెప్పింది.

మనకు ఇంకో కారణం కూడా ఉంది. మన దేశంలో బ్లడ్ బ్యాగు లేబుళ్లకు గ్రూపును బట్టి రంగు ఉంటుంది: ఏ గ్రూపుకు పసుపు, బీకి గులాబీ, ఓకు నీలం, ఏబీకి తెలుపు. జారిపడే ప్రమాదానికని పసుపు బ్యాండు కట్టిన రోగి మంచానికి పసుపు లేబుల్ బ్యాగు వచ్చిందనుకోండి. రాత్రి రెండు గంటలకు, వరుసగా రెండో డ్యూటీలో ఉన్న సిస్టర్ కళ్లకు ఆ రెండు పసుపులూ ఒకదానికొకటి సరిపోయినట్టే అనిపించవచ్చు. గుర్తింపు బ్యాండు తెల్లగానే ఉండనివ్వండి. తెలుపు ఏబీ లేబుల్ రంగే అయినా, అందరి చేతికీ తెలుపే ఉంటే దాన్ని ఎవరూ గ్రూపు గుర్తుగా చదవరు. పసుపు, గులాబీ, నీలం బ్యాండ్లు వార్డులో ఉంటే వాటిని వేరే పద్ధతితో మార్చుకోండి.

ఐదవ అడుగు: బార్‌కోడా, స్టిక్కర్లా?

కంప్యూటర్, స్కానర్ ఉన్న ఆసుపత్రి అయితే బార్‌కోడ్ బ్యాండు తీసుకోండి. గీతల బార్‌కోడ్ పొడవుగా ఉంటుంది, మణికట్టు గుండ్రంగా ఉంటుంది. వంపు తిరిగిన గీతలను స్కానర్ పూర్తిగా చదవలేదు. చిన్న చతురస్రంలో ఇమిడే డేటా మ్యాట్రిక్స్ లేదా క్యూఆర్ రకం కావాలని అడగండి. దాన్ని బ్యాండు పొడవునా మూడు నాలుగు సార్లు ముద్రించేలా చూడండి. నిద్రపోతున్న రోగి చేయి తిప్పకుండానే ఏదో ఒకటి పైకి కనిపిస్తుంది. స్కాన్ చేయగానే మంచం పక్కనే చిన్న ప్రింటరు నుంచి ట్యూబు లేబుల్ వచ్చేలా ఏర్పాటు చేయగలిగితే అంతకు మించిన రక్షణ లేదు. ఒక హెచ్చరిక: కేస్ షీటుకు అదనపు బ్యాండు అంటించి ఉంచి, దాన్ని స్కాన్ చేసే అలవాటు మొదలైతే మొత్తం ఏర్పాటు వ్యర్థం. స్కానర్ మాట్లాడవలసింది రోగి చేతితో. రేడియో తరంగాలతో చదివే బ్యాండ్లు కూడా వచ్చాయి. బార్‌కోడ్‌తోనే పద్ధతి ఇంకా కుదరని చోట వాటి జోలికి ఇప్పుడే వెళ్లనక్కర్లేదు.

కంప్యూటర్ లేని ఆసుపత్రులకు నేను గట్టిగా చెప్పేది, రక్తం కోసం ప్రత్యేకంగా వచ్చే నంబరు బ్యాండు. మామూలు గుర్తింపు బ్యాండుకు తోడుగా, శాంపిల్ తీసేటప్పుడు మాత్రమే దీన్ని కడతారు. దాని మీద మరెక్కడా రాని ఒక నంబరు ఉంటుంది, అదే నంబరుతో ఊడదీసే స్టిక్కర్లు తోకలా ఉంటాయి. ఒకటి ట్యూబుకు, ఒకటి ఫారంకు అక్కడికక్కడే అంటించాలి. మిగతావి ట్యూబుతో పాటు రక్త కేంద్రానికి వెళ్లి, సిద్ధమైన ప్రతి బ్యాగుకూ ఒకటి అంటుకుని వస్తాయి. బ్యాగు మీది నంబరు, చేతి మీది నంబరు ఒకటైతేనే రక్తం. పేర్లు ఎన్ని కలిసినా ఈ నంబరు కలవదు. శాంపిల్‌ను బయటి రక్త కేంద్రానికి పంపే నర్సింగ్ హోముకు ఇంతకన్నా చవకైన రక్షణ నాకు తెలియదు. అయితే ఆ రక్త కేంద్రం వాళ్లతో ముందే మాట్లాడుకోండి. స్టిక్కరు ఎందుకో తెలియకపోతే వాళ్లు దాన్ని పక్కన పెట్టేస్తారు. గత మూడు నెలల్లో రక్తం ఎక్కినవాళ్లకు, గర్భిణులకు క్రాస్ మ్యాచ్ శాంపిల్ మూడు రోజులకు మించి చెల్లదు. కాబట్టి కొత్త శాంపిల్‌తో కొత్త నంబరు బ్యాండు రావాలి, పాతది కత్తిరించాలి.

ఆరవ అడుగు: అందరి చేతులూ ఒకటి కాదు

పెద్దలవి, పిల్లలవి, పసికందులవి మూడు సైజులూ తెప్పించండి. పెద్దల బ్యాండును మడిచి పసిబిడ్డకు చుట్టితే జారిపోతుంది. నవజాత శిశువులకు రెండు బ్యాండ్లు ఉండాలి, వాటి మీద తల్లి వివరాలు కూడా. కవలలైతే ఒకటి, రెండు అన్న తేడా స్పష్టంగా కనిపించాలి.

రెండు చేతులకూ క్యాన్యులాలు (నరంలో పెట్టి ఉంచే సన్నని గొట్టాలు), కట్లు ఉన్నవాళ్లకు కాలి మడమ పైన కట్టండి. కాలిన గాయాల వార్డుకు ఏం చేయాలో ముందే రాసి పెట్టుకోండి. గాజులు, తాయెత్తు, దేవుడి దగ్గర కట్టించుకున్న దారం ఉన్న చేతికి బ్యాండు కడితే వాటి కింద నలుగుతుంది. రెండో చేతికి కట్టండి, దారం తెంపమని ఎవరినీ నొప్పించకండి.

క్యాజువాల్టీకి స్పృహ లేకుండా, పేరు తెలియకుండా వచ్చిన ప్రమాద బాధితుడికి తాత్కాలిక నంబరుతో బ్యాండు సిద్ధంగా ఉండాలి. ‘గుర్తు తెలియని పురుషుడు’ అని మాత్రమే రాస్తే జాతీయ రహదారి మీద ఒకే ప్రమాదంలో ముగ్గురు రావచ్చు. తర్వాత పేరు తెలిసినా, ఆ నంబరు మీద తెప్పించిన బ్యాగులు అయిపోయేదాకా బ్యాండు మార్చవద్దు.

ఏడవ అడుగు: టెండరులో ఏం రాయాలి

ప్రభుత్వ ఆసుపత్రులు రాష్ట్ర వైద్య సేవల సంస్థ ద్వారానో, జెమ్ అనే కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్‌లోనో కొంటాయి. ‘రోగి గుర్తింపు బ్యాండు, తెలుపు’ అని ఒక్క ముక్క రాస్తే వచ్చేది అన్నింటికన్నా చవకైనది. శానిటైజర్‌కు చెరగకూడదు, తీస్తే తిరిగి అతకకూడదు, మూడు సైజులు కావాలి, ఏడు రోజులు చదవడానికి వీలుగా ఉండాలి, కొనే ముందు నమూనాలు పరీక్షిస్తాం అని విడివిడిగా రాయండి. ఆ పరీక్ష కాగితం మీద రక్త కేంద్రం వైద్యుడు, నర్సింగ్ సూపరింటెండెంట్ ఇద్దరి సంతకాలూ పెట్టించండి. ప్రింటరు ఏ కంపెనీ రోల్‌నైనా తీసుకునేదిగా ఉండాలి. లేకపోతే రోల్ అయిపోయిన రోజున వార్డు మళ్లీ బాల్ పెన్నుకు తిరిగిపోతుంది.

ఎనిమిదవ అడుగు: మంచం దగ్గర

బ్యాగు ఫ్రిజ్ బయటికి వచ్చిన అరగంటలో మొదలు కావాలి, నాలుగు గంటల్లో పూర్తి కావాలి. ఆ తొందరలోనే తప్పులు జరుగుతాయి. ఇద్దరు వేర్వేరుగా చూడాలి. ‘మీరు సమ్మక్కేనా?’ అని అడగకండి. భయంతో ఉన్న రోగి దేనికైనా తలూపుతుంది. ‘మీ పేరేమిటమ్మా, మీ ఆయన పేరేమిటి?’ అని ఆమె నోటితో చెప్పించి, బ్యాండు చూసి, ఆ తర్వాత బ్యాగు చీటీ చూడండి. బ్యాండు లేకపోతే రక్తం లేదు, ఎవరు ఫోను చేసినా సరే. ఆపరేషన్ థియేటర్‌లో సూది కోసం బ్యాండు కత్తిరించినవాళ్లే వెంటనే కొత్తది కట్టాలి. మొదటి పదిహేను నిమిషాలు రోగి దగ్గరే ఉండండి.

పొరపాటు జరగబోయి ఆగినా రాసి పెట్టండి. మన దేశంలో రక్తం ఎక్కించడంలో వచ్చే ఇబ్బందులను గమనించే హీమోవిజిలెన్స్ కార్యక్రమం 2012 డిసెంబరు 10న మొదలైంది. నోయిడాలోని జాతీయ బయోలాజికల్స్ సంస్థ దాన్ని నడుపుతోంది. రక్తం ఎక్కించినప్పుడు వచ్చే ప్రతికూల ఘటనల నివేదికలు అక్కడికి పంపాలి. వార్డు స్థాయిలో నెలకోసారి ఓ ఇరవై మంది రోగుల చేతులు చూసి ఎన్ని బ్యాండ్లు ఉన్నాయో, ఎన్ని చదవగలుగుతున్నామో లెక్క రాయండి.

చివరగా తలసీమియా, సికిల్ సెల్ పిల్లలు. వీళ్లలో చాలామంది రెండు మూడు వారాలకోసారి వచ్చి, రక్తం ఎక్కించుకుని అదే రోజు ఇంటికి వెళ్తారు. ఆదిలాబాద్ వైపు నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చేవాళ్లూ ఉంటారు. పోయినసారి కట్టిన బ్యాండు చేతికి అలాగే ఉంచుకుని వచ్చే పిల్లలను నేను చూశాను. దాని మీద పాత ఐపీ నంబరు, పాత రక్తం నంబరు ఉంటాయి. తల్లి కూడా ‘బ్యాండు ఉంది కదా సార్’ అంటుంది. ఇంటికి పంపే ముందు రెండు బ్యాండ్లూ కత్తిరించి, పేరు కనిపించకుండా ముక్కలు చేసి పారవేయండి. ఈసారి వచ్చినప్పుడు కొత్త శాంపిల్, కొత్త బ్యాండు. పిల్లాడు ఆ తెల్ల బ్యాండును దాచుకుంటానని అడిగితే, ఏమీ రాయని ఖాళీది ఒకటి చేతిలో పెట్టి పంపండి.